దినాలు అయిపోయాక మిగిలే దుఃఖాన్ని ఎదుర్కోవడం ఎలా?

చావు జరిగిన ఇంట్లో మొదటి పది, పదకొండు రోజులు ఎవరికీ ఆలోచించే తీరిక ఉండదు. దహనం, అస్థి సంచయనం, పరామర్శకు వచ్చేవాళ్ళకు కుర్చీలు, పెద్దకర్మకు వంటవాళ్ళు, కార్డు మీద వేయించాల్సిన ఫొటో. ప్రతి పూటకూ ఒక పని ఉంటుంది, ప్రతి పనికీ చెప్పేవాళ్ళు ఒకరుంటారు. ఆ తర్వాత షామియానా విప్పుతారు, బంధువులు బస్సెక్కుతారు. చాలామందికి అసలు దుఃఖం అప్పుడు మొదలవుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళ లెక్కలో మాత్రం దాని గడువు అప్పటికే తీరిపోయి ఉంటుంది. "ఇంకా ఇలాగే కూర్చుంటే ఎలా?" అనే మాట మూడో వారం నుంచే వినిపిస్తుంది.

ఈ వ్యాసం ఆ తర్వాతి నెలల గురించి. అందులోనూ మనిషి అకస్మాత్తుగా పోయిన ఇళ్ళ గురించి: రోడ్డు ప్రమాదం, గుండెపోటు, నీట మునగడం, ఆత్మహత్య. ముందే ఒక మాట చెప్పాలి. దుఃఖం జబ్బు కాదు. ఎక్కువమంది ఏ చికిత్సా లేకుండానే మెల్లగా నిలదొక్కుకుంటారు. మీరు వేళకు తింటూ, కాస్తో కూస్తో నిద్రపోతూ, గుర్తొచ్చినప్పుడు ఏడుస్తూ, మిగతా సమయంలో పనులు చేసుకుంటూ ఉంటే కింద చెప్పేవన్నీ మీకు అవసరం లేదు. లేని గాయాన్ని కెలకకండి. నెలలు గడిచినా ఒక గది తలుపు తీయలేకపోతున్నవాళ్ళు, ఒక రోడ్డు మీదుగా వెళ్ళలేకపోతున్నవాళ్ళు, ఒక పేరు పలకలేకపోతున్నవాళ్ళు మాత్రం ముందుకు చదవండి.

చచ్చిపోవాలనే ఆలోచన మీకు వస్తుంటే ఇది చదవడం ఇక్కడే ఆపి 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

మొదటి నెల: ఎదుర్కోవద్దు, బతికి ఉండండి

మొదటి వారాల్లో ఎవరూ ఏదీ ఎదుర్కోనక్కర్లేదు. ఏం జరిగిందో వివరంగా చెప్పమని వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. చెప్పాలన్న నిర్బంధం లేదు. ఘోరం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా కక్కించడం మేలు చేస్తుందని ఒకప్పుడు నిపుణులు కూడా నమ్మేవారు. తర్వాత పరీక్షించి చూస్తే ఉపయోగం కనిపించలేదు, కొందరికి కీడే జరిగింది. అందుకే ఆ పద్ధతిని ఇప్పుడు సిఫారసు చేయడం లేదు. పరామర్శకు వచ్చి "చివరిగా ఏమన్నాడు? ఎక్కడ తగిలింది?" అని ఆరా తీసేవాళ్ళను పక్కగదిలోకి తీసుకువెళ్ళి సమాధానం చెప్పే పని ఒక బాబాయికో వదినకో అప్పగించండి.

ఈ నెలలో చేయాల్సినవి మూడే. తినడం, పడుకోవడం, కాగితాలు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, గడువు దాటితే ఆలస్య రుసుము, అదనపు తిరుగుడు. బ్యాంకు, బీమా, పింఛను, ఆస్తి, అన్నిచోట్లా అడుగుతారు కాబట్టి ధ్రువపత్రం ప్రతులు ఒకేసారి ఎక్కువ తీసుకోండి. ప్రమాదమైతే పరిహారం దావాకు గడువులుంటాయి, వకీలును త్వరగా కలవాలి. ఇవన్నీ మీరే చేయనక్కర్లేదు. "ఏదైనా అవసరమైతే చెప్పు" అన్నవాళ్ళకు ఈ పనే చెప్పండి. ఆ మాట అన్నవాళ్ళలో నిజంగా ఎవరు వస్తారో కూడా తెలుస్తుంది.

ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే "బెంగ వల్లేలే" అని సరిపెట్టుకోవద్దు. ఆత్మీయులు పోయిన తొలి రోజుల్లో గుండెపోటు ముప్పు నిజంగానే పెరుగుతుంది. డాక్టరుకు చూపించండి.

దుఃఖం ఏది, భయం ఏది?

అకస్మాత్తు మరణంలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి చూడటం దగ్గరే అసలు పని మొదలవుతుంది, చాలామంది ఆ పని చేయరు.

దుఃఖం మనిషి కోసం. సాయంత్రం ఆరున్నరకు గేటు చప్పుడు వినిపించదు, చారులో ఇంగువ ఎక్కువైందని సణిగేవాళ్ళు లేరు, ఆ వెలితి. భయం సంఘటన గురించి. అర్ధరాత్రి ఫోను మోగితే గుండె దడదడలాడటం, అంబులెన్స్ సైరన్ వినిపిస్తే చేతులు చల్లబడటం, ఆసుపత్రి ఫినాయిలు వాసనకు కడుపులో తిప్పడం, ఉలిక్కిపడి లేవడం. ఆ దృశ్యం గుర్తుకు రావడం ఒకటి, మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ళ ముందుకు రావడం మరొకటి. రెండోది భయం పని.

ఒక చిన్న పరీక్ష ఉంది. కళ్ళు మూసుకుని పోయిన మనిషిని తలుచుకోండి. పెళ్ళిలో నవ్విన ముఖం వస్తోందా, మార్చురీలో చూసిన ముఖం వస్తోందా? ఎప్పుడూ రెండోదే వస్తుంటే భయం దుఃఖానికి అడ్డం పడి కూర్చుందన్నమాట. అలాంటప్పుడు ముందు భయం సంగతి చూడాలి. అది తగ్గితే గానీ మనసారా ఏడవడం కూడా కుదరదు.

పనిలో పనిగా, ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించే "దుఃఖానికి అయిదు దశలు" (నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం) పక్కన పెట్టేయండి. 1969లో అమెరికాలో ఒక సైకియాట్రిస్టు చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి చెప్పిన సంగతులవి. మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు అదే వరసలో నడవాలని లేదు. "నాకింకా కోపం దశ రాలేదు" అని కంగారు పడనక్కర్లేదు.

మీరు తప్పించుకుంటున్న వాటి జాబితా రాయండి

నోటుబుక్కు తీసుకోండి. ఆ మనిషి పోయినప్పటి నుంచి మీరు చేయనివి, వెళ్ళనివి, ముట్టుకోనివి రాయండి. బీరువాలో కుడివైపు అర. హెల్మెట్. ఫలానా టీ దుకాణం. అతని స్నేహితుడి ఇల్లు. గుత్తివంకాయ కూర. ఆసుపత్రి ఉన్న వీధి. పెళ్ళి ఆల్బమ్. చిన్నవైనా రాయండి, ఎవరికీ చూపించనక్కర్లేదు.

పైకి తప్పించుకోవడంలా కనిపించనివి కూడా ఉంటాయి. రోజుకు పద్నాలుగు గంటలు ఆఫీసులో గడపడం. ఇంట్లో అందరినీ ఓదారుస్తూ, తన వంతు ఏడుపు ఎప్పటికీ రాకుండా చూసుకోవడం. పెద్దకొడుకులు ఇందులో ఆరితేరుతారు. "నువ్వే ఇలా అయితే అమ్మను ఎవరు చూస్తారు?" అని చితి దగ్గరే ఒకరు భుజం తట్టి ఉంటారు, ఆ మాట ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. రాత్రి రెండు పెగ్గులు ఇంకో దారి.

అన్నిటికంటే మోసపూరితమైనది "ఆ రోజు నేను బయటికి వెళ్ళనివ్వకుండా ఉంటే" అనే ఆలోచన. రోజంతా అదే తిప్పుకుంటూ ఉండేవాళ్ళు తాము దుఃఖంలోనే ఉన్నామనుకుంటారు. నిజానికి ఆ ప్రశ్నలో ఉన్నంతసేపూ అతను ఇంకా బయటికి వెళ్ళలేదు, గుమ్మంలోనే ఉన్నాడు, ఆపడానికి ఇంకా వీలుంది. పోయాడన్న సంగతి దగ్గరికి మనసు వెళ్ళకుండా ఆ ప్రశ్న కాపలా కాస్తుంది. జాబితాలో దీన్నీ చేర్చండి.

మార్కులు వేసి, మధ్యస్తంగా ఉన్న దానితో మొదలుపెట్టండి

ప్రతి దాని పక్కన పదికి ఎంత కష్టమో మార్కు వేయండి. పది అంటే తలుచుకోవడమే భరించలేనిది. మొదలు మూడు, నాలుగు మార్కుల దానితో. "ధైర్యంగా ఒక్కసారే చేసేద్దాం" అని పది మార్కుల దాని మీద పడితే మధ్యలో పారిపోతారు, భయం ఇంకాస్త బలపడుతుంది.

ఫోను సంగతే తీసుకుందాం. పోయిన మనిషి ఫోను చాలా ఇళ్ళలో అలమరలో స్విచాఫ్ అయి పడి ఉంటుంది. దాన్ని ఇలా ముక్కలు చేసుకోవచ్చు. మొదటి రోజు బయటికి తీసి, తుడిచి, ఛార్జింగు పెట్టండి, అంతే. పగిలిన అద్దం మీద వేలు పెట్టి కాసేపు కూర్చోండి. తర్వాత ఒక రోజు ఆన్ చేయండి. ఆన్ చేయగానే ఆగిపోయిన సందేశాలన్నీ ఒక్కసారిగా టకటకా వచ్చి పడతాయి. పోయిన సంగతి తెలియనివాళ్ళ పుట్టినరోజు శుభాకాంక్షలు, బ్యాంకు ప్రకటనలు, మీరే ఆ రాత్రి చేసిన పదిహేడు మిస్డ్ కాల్స్. ఇది తెలిసి ఉంటే దెబ్బ కొంత తగ్గుతుంది. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. మరో రోజు ఫొటోలు. గొంతు ఉన్న సందేశాలు చివరికి ఉంచండి. చాలామందికి ముఖం కన్నా గొంతే కష్టం.

రెండు జాగ్రత్తలు. ఏదైనా వినే ముందు, చూసే ముందు వాటన్నిటినీ ఇంకో చోట భద్రపరచండి, చెయ్యి వణికి ఒకటి చెరిగిపోతే ఆ బాధ వేరు. ఆ నంబరుకు రీచార్జి ఆపేస్తే కొన్ని నెలలకు అది వేరొకరికి వెళ్తుంది, ఒక రోజు ఆ పేరు పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫొటో ప్రత్యక్షమవుతుంది. ఎప్పుడు ఆపాలన్నది మీరే నిర్ణయించుకోండి, దానంతట అది జరగనివ్వకండి.

ఏ మెట్టు దగ్గరైనా సూత్రం ఒక్కటే: బాధ ఎక్కువగా ఉన్నప్పుడు లేచిపోవద్దు. ఇరవై నిమిషాలో అరగంటో అక్కడే ఉంటే తీవ్రత సాధారణంగా కొంత దిగుతుంది. ఆ క్షణంలో పదికి ఎనిమిది ఉన్న బాధ నాలుగుకు దిగాక లేవండి. అదే పని మరుసటి రోజు, ఆ మరుసటి రోజు చేయండి. మార్కు రెండుకు వచ్చాక పై మెట్టుకు వెళ్ళండి.

ప్రమాదం జరిగిన మలుపు విషయంలోనూ అంతే. ముందు పగటిపూట, మీరు నడపకుండా, నమ్మకమైన మనిషి పక్కన కూర్చుని ఆ దారిలో వెళ్ళండి. తర్వాత ఒక రోజు కాస్త ముందు బండి ఆపి నిలబడండి. అక్కడ ఇప్పుడు లారీలు పోతుంటాయి, కొబ్బరిబోండాల బండి ఉంటుంది, ఎవరో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంటారు. మీ మనసులో ఆ చోట ఎప్పుడూ అదే రాత్రి ఉంటుంది, అక్కడికి వెళ్ళి చూస్తే మామూలు మధ్యాహ్నం కనిపిస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: నిజంగా ప్రమాదకరమైన చోటుకు, మిమ్మల్ని హింసించిన మనిషి దగ్గరికి వెళ్ళడం ఈ సాధనలో భాగం కాదు.

గంట పెట్టుకోండి, తర్వాత కూరగాయలకు వెళ్ళండి

నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఒక నమూనా ప్రతిపాదించారు. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు బతుకు పనుల వైపు ఊగుతూ ఉంటాడని, ఆ ఊగడమే ఆరోగ్యమని అందులో సారాంశం. ఎప్పుడూ ఏడవడమూ మంచిది కాదు, ఎప్పుడూ పనిలో మునగడమూ కాదు.

ఆచరణలో: వారంలో కొన్ని రోజులు ఒక వేళ పెట్టుకోండి, అరగంట నుంచి గంట. జాబితాలోని పని ఆ వేళకే. అయిపోగానే చేయాల్సిన పని ముందే నిర్ణయించుకుని ఉండాలి. స్నానం, రైతుబజారు, పిల్లల హోంవర్కు. పడుకోబోయే ముందు మాత్రం పెట్టుకోవద్దు. ఆ గంట తర్వాత నవ్వు వస్తే నవ్వండి. భర్త పోయిన నాలుగో నెలలో టీవీ చూసి నవ్విన కోడలిని గుడ్లురిమి చూసే అత్తగారు ఉంటే, ఆమెది కూడా దుఃఖమేనని అర్థం చేసుకోండి కానీ టీవీ కట్టేయకండి.

జరిగింది వరసగా చెప్పండి

భయం పట్టిన జ్ఞాపకం ముక్కలుముక్కలుగా ఉంటుంది: ఒక చెప్పు, ఒక స్ట్రెచర్ చక్రం, ఎవరో అన్న ఒక మాట. దాన్ని మొదటి నుంచి చివరి దాకా వరసలో పెడితే పట్టు సడలుతుంది. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయడం ఒక పద్ధతి. జేమ్స్ పెన్నీబేకర్ అనే మనస్తత్వవేత్త 1980లలో దీన్ని పరీక్షించాడు. అందరికీ పనిచేయదు. రాయడం అలవాటు లేకపోతే ఒక్క మనిషిని ఎంచుకోండి: మధ్యలో సలహా ఇవ్వని మనిషిని. "పొద్దున లేచిన దగ్గర నుంచి చెబుతాను, అయిపోయేదాకా ఏమీ అనకు" అని ముందే చెప్పండి. చెబుతున్నప్పుడు మీరు ఎక్కడున్నారో తెలియనంతగా ఆ దృశ్యంలోకి జారిపోతుంటే వెంటనే ఆపండి. ఇంట్లో ఇంకోసారి ప్రయత్నించవద్దు, అది శిక్షణ పొందినవాళ్ళ దగ్గర చేయాల్సిన పని.

తప్పు చేశానన్న భావన ఉంటే కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు "ఆ రోజు నాకు తెలిసినవి", కుడివైపు "తర్వాత తెలిసినవి". ఛాతీ మంట అంటే గ్యాస్ అనుకుని మజ్జిగ ఇచ్చిన భార్య "అది గుండెపోటు" అన్న వాక్యాన్ని ఎటువైపు రాస్తుంది? కుడివైపే రాయాలి. ఎడమవైపున్న వాటితోనే మీ నిర్ణయాన్ని తూచండి. నిజంగానే ఎడమవైపు ఒక పొరపాటు మిగిలితే, అది కూడా ఉంటుంది, దాన్ని లేదనిపించే ప్రయత్నం చేయకండి. ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళకు చెప్పుకోండి.

నలుగురి మాటలు

"నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాడిని నమ్మకూడదు" అన్న సామెత మన మగవాళ్ళకు చేసిన నష్టం ఇంతా అంతా కాదు. ఏడవడం రాని మగవాడితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడించాలని చూడకండి. పక్కపక్కన నడుస్తూనో, బండి తుడుస్తూనో అయితే నోరు పెగులుతుంది.

భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం అనే తంతు ఇష్టం లేకపోతే జరగనక్కర్లేదు. దుఃఖంలో ఉన్న మనిషికి నలుగురిలో ఇంకో గాయం చేసి దానికి ఆచారం అని పేరు పెట్టడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఆమె తరఫున ముందురోజే గట్టిగా చెప్పగల మనిషి ఒకరు కావాలి, అది పుట్టింటివాళ్ళలో పెద్దవారైతే మరీ మంచిది.

పిల్లలకు "నాన్న ఊరెళ్ళాడు" అని చెప్పకండి, ఎదురు చూస్తారు. "నిద్రపోయాడు" అంటే పడుకోవడానికి భయపడతారు. "నాన్న చనిపోయాడు, ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది, తిరిగి రాడు, నీ తప్పేమీ లేదు" అన్నవే సరైన మాటలు. అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగితే మళ్ళీ మళ్ళీ అదే జవాబు. ఆత్మహత్య అయినా ఇంట్లో పిల్లలకు వయసుకు తగ్గట్టు నిజమే చెప్పాలి, వీధిలో వినకముందే. బయటివాళ్ళకు "ఆ విషయం మాట్లాడలేను" అంటే చాలు.

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి నాన్న దహనం ఫోను తెర మీద చూసినవాళ్ళకు ఇదంతా ఇంకో రకంగా ఉంటుంది. మరణం జరిగినట్టే అనిపించదు. ఆలస్యమైనా ఒకసారి వచ్చి ఆ ఖాళీ మంచం చూడండి, దినాలకు వచ్చినవాళ్ళతో కూర్చోండి. రాలేకపోతే అక్కడే పదిమందిని పిలిచి భోజనం పెట్టండి.

తేదీలు

మాసికాలు, సంవత్సరీకం, నలభయ్యో రోజు, చర్చిలో జ్ఞాపకార్థ కూడిక, ఎవరి ఆచారంలో వాళ్ళకు దుఃఖానికి తేదీలు ఉండనే ఉన్నాయి. వాటిని వాడుకోండి. కానీ ఆచారం లెక్కలో లేనివే ఎక్కువ కుదిపేస్తాయి: పుట్టినరోజు, పండగ లేని మొదటి సంక్రాంతి, పిల్లవాడి పదో తరగతి ఫలితాలు. వారం ముందే ఆ రోజు ఎవరితో, ఎక్కడ అనేది నిర్ణయించండి. సంవత్సరీకం ముందు పది రోజులు నిద్ర చెడటం మామూలే.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

భయం లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే వెళ్ళండి. దుఃఖం విషయంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా కనీసం ఆరు నెలలు, అమెరికన్ సైకియాట్రిస్టుల 2022 నాటి ప్రమాణం పెద్దవాళ్ళకు ఏడాది అంటున్నాయి. అప్పటికీ రోజూ అదే తీవ్రత ఉండి, బతుకు ముందుకు సాగకపోతే అది చికిత్స ఉన్న పరిస్థితి. మద్యం పెరుగుతుంటే, ఆత్మహత్య ఆలోచనలుంటే గడువు చూడవద్దు.

నిద్రకోసమని ఎవరో ఇచ్చిన ఆల్ప్రాజోలం లాంటి మాత్రలు సొంతంగా వేసుకోకండి. కేవలం దుఃఖానికి ఆ రకం మందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది, అలవాటు పడితే వదలవు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా మానకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. ఎర్రగడ్డ పేరు ఎత్తితే నవ్వే అలవాటు మనకు ఉంది, ఆ నవ్వు వల్ల ఎందరు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళారో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి, శారీరక జబ్బులతో సమానంగా వీటికీ బీమా కల్పించాలి.

కౌన్సెలరును ఎంచుకునేటప్పుడు నేరుగా అడగండి: "ప్రమాదం చూసినవాళ్ళకు, ఆప్తులను కోల్పోయినవాళ్ళకు చికిత్స చేయడంలో శిక్షణ తీసుకున్నారా? వారంవారం ఇంట్లో చేయాల్సిన పనులు ఇస్తారా?" మంచివాళ్ళు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. జ్ఞాపకాన్ని, తప్పించుకుంటున్న వాటిని మెట్టుమెట్టుగా ఎదుర్కొనే చికిత్స సుమారు ఎనిమిది నుంచి పదిహేను సార్లు కలవడంతో పూర్తవుతుంది. మొదట్లో కొందరికి బాధ పెరిగినట్టు అనిపించవచ్చు, మానేయాలనీ అనిపించవచ్చు. ఆ సంగతి ఇంట్లో ఒకరికి ముందే చెప్పి, మానేస్తానన్నా తీసుకువెళ్ళమని అడగండి. ఆ కౌన్సెలరు కుదరలేదనిపిస్తే ఇంకొకరి దగ్గరికి మారండి. మార్కులు వేసిన నోటుబుక్కు తీసుకువెళ్ళండి, మొదటి రోజు మాట రాకపోతే అది బల్ల మీద పెట్టినా సరిపోతుంది.